ఖిదిర్‌పూర్ గడప: మట్టం చూసే దుర్భిణి

దూరాన ఉన్న వస్తువును దగ్గరగా చూపడం దుర్భిణి చేసే పనులలో ఒకటి మాత్రమే. దాని గొట్టంలో సన్నని గీతలు రెండు ఒకదానికొకటి అడ్డంగా అమర్చినప్పుడు అది కొలత సాధనంగా మారుతుంది. అప్పుడది వస్తువును చూపడంతో ఆగదు. మనం కచ్చితంగా ఏ దిశలో చూస్తున్నామో కూడా తెలియజేస్తుంది. రైఫిలుపై అమర్చే గురి దుర్భిణి, సర్వేయరు కోణాలు కొలిచే థియోడొలైటు, కాలువ తవ్వించే ఇంజనీరు వాడే లెవెల్ యంత్రం, ఈ మూడూ ఒకే సూత్రంపై పనిచేస్తాయి. మూడింటికీ వర్తించే నియమం కూడా ఒకటే. గురి చూసే ముందు, గురి చూసే సాధనం సరిగా ఉన్నదో లేదో పరీక్షించుకోవాలి.

వీటిలో లెవెల్ యంత్రానికి మరొక అవసరం ఉన్నది. అది ఎత్తులను కొలుస్తుంది. ఎత్తు అనేది దేని నుంచి అన్న ప్రశ్నకు సమాధానం లేనిదే అర్థం లేని సంఖ్య. ఆ సమాధానాన్ని 'ఆధార మట్టం' అంటారు. కోల్‌కతా మహానగరానికి, హుగ్లీ నదిలో నౌకాయానానికి ఇటువంటి ఆధార మట్టాన్ని ఇచ్చిన చోటు ఖిదిర్‌పూర్. అక్కడి పాత ఓడల డాక్ ద్వారం కింద ఉన్న గడప ఆ ప్రాంతపు ఎత్తులకు సున్నా అయింది. ఇంజనీర్ల పటాలలో దీనిని 'ఖిదిర్‌పూర్ ఓల్డ్ డాక్ సిల్' అనీ, క్లుప్తంగా 'కె.ఓ.డి.ఎస్.' అనీ వ్రాస్తారు.

గడప సున్నా ఎలా అయింది?

ఖిదిర్‌పూర్ కోల్‌కతాకు నైరుతి దిశలో, హుగ్లీ తూర్పు గట్టున ఉన్నది. పద్దెనిమిదవ శతాబ్దం చివరి భాగంలో కల్నల్ హెన్రీ వాట్సన్ ఇక్కడ ఓడల నిర్మాణానికి డాక్ తవ్వించే పనికి పూనుకున్నాడు. సమీపంలోని వాట్‌గంజ్ పేటకు ఆయన పేరే స్థిరపడింది. తరువాత ఈ ఓడల నిర్మాణశాల జేమ్స్ కిడ్, రాబర్ట్ కిడ్ అనే సోదరుల చేతికి వచ్చింది. వారి తండ్రి కంపెనీ సైన్యంలో ఇంజనీరు అయిన అలెగ్జాండర్ కిడ్, తల్లి భారతీయురాలు. 74 ఫిరంగులు మోసే 'హేస్టింగ్స్' అనే యుద్ధనౌకను కలకత్తాలో నిర్మించినది వీరే. దానిని 1819లో బ్రిటిష్ నౌకాదళం కొనుగోలు చేసింది.

ఓడలను మరమ్మతు చేసే డాక్‌కు నదివైపు ఒక ద్వారం ఉంటుంది. ఇంటి ద్వారానికి వలెనే దానికీ అడుగున ఒక గడప ఉంటుంది. పోటు వచ్చినప్పుడు ఆ గడపపై ఎన్ని అడుగుల నీరు నిలిస్తే, అంతకంటే తక్కువ లోతు మునిగే ఓడ మాత్రమే లోపలికి రాగలదు. అందుచేత గడపపై నీటి లోతును రోజూ వ్రాసి ఉంచడం ఓడల నిర్మాతకు వ్యాపార అవసరం. జేమ్స్ కిడ్ 1805 నుంచి 1828 వరకు, అంటే 24 సంవత్సరాల పాటు, హుగ్లీలో ఆటుపోట్ల దినచర్య పట్టికను నిర్వహించాడు. 1833లో 'ఏషియాటిక్ రీసెర్చెస్' పద్దెనిమిదవ సంపుటం ఆ పట్టికలను ప్రచురించింది.

ఈ 24 సంవత్సరాల కాలానికి శాస్త్రీయంగా ఒక విలువ ఉన్నది. చంద్రుని కక్ష్యాతలం తిరిగి అదే స్థితికి రావడానికి సుమారు 18.6 సంవత్సరాలు పడుతుంది. ఆటుపోట్ల తీవ్రత ఆ చక్రాన్ని అనుసరించి మారుతుంది. ఆ చక్రం ఒకసారి పూర్తయ్యేంత వరకు కొలిచినప్పుడే ఒక రేవులోని నీటి స్వభావం సమగ్రంగా తెలుస్తుంది. వ్యాపార అవసరంతో మొదలైన ఖిదిర్‌పూర్ పట్టిక ఆ అర్హతను సంపాదించుకున్నది.

గడపను సున్నాగా తీసుకోవడంలో మరొక సౌలభ్యం కూడా ఉన్నది. అది నది పాటు మట్టానికి దగ్గరగా, లోతున ఉన్నది గనుక సాధారణంగా నీటి మట్టాలన్నీ దానికి పైనే ఉంటాయి. ఋణ సంఖ్యలు వ్రాయవలసిన పని ఉండదు. తొందరలో ఉన్న నావికుడు కూడిక చేయవలసిన చోట తీసివేత చేసే ప్రమాదం తప్పుతుంది. సముద్రానికి సుమారు 200 కిలోమీటర్ల లోపల ఉన్న నదీ రేవులో, ఇసుక మేటల మీదుగా ఓడను నడిపేవారికి ఇది చిన్న విషయం కాదు. 1892లో ప్రారంభమైన ఖిదిర్‌పూర్ డాక్‌లు ఈనాటికీ, 2020 నుంచి శ్యామాప్రసాద్ ముఖర్జీ పేరుతో వ్యవహరిస్తున్న ఓడరేవులో భాగంగా పనిచేస్తున్నాయి.

దుర్భిణిలో ఏమున్నది?

గడప నీటి అడుగున ఉన్నది. నగరంలోని వీధి, కాలువ, వంతెన దానికి ఎంతో దూరంలో ఉన్నాయి. ఆ గడప మట్టాన్ని ఊరంతటికీ మోసుకుపోయేది లెవెల్ యంత్రం. తాపీమేస్త్రీ వాడే రసమట్టం గోడ పొడవున మట్టం చూపుతుంది. అదే రసమట్టపు గొట్టాన్ని ఒక దుర్భిణికి సమాంతరంగా బిగిస్తే, వంద మీటర్ల దూరం వరకు మట్టం చూడవచ్చు. ఈ పద్ధతిలో 'డంపీ లెవెల్' అనే పొట్టి, దృఢమైన రూపాన్ని 1832లో విలియం గ్రావట్ అనే ఇంగ్లీషు ఇంజనీరు రూపొందించాడు. భారతదేశంలోని ఇంజనీరింగు కళాశాలలలో తరతరాల విద్యార్థులు దానిపైనే చేయి తిప్పుకున్నారు.

దుర్భిణిలో ముందువైపు వస్తు కటకం ఉంటుంది. అది దూరపు వస్తువు ప్రతిబింబాన్ని గొట్టం లోపల ఒక తలంపై ఏర్పరుస్తుంది. కంటివైపు ఉండే అక్షి కటకం ఆ ప్రతిబింబాన్ని పెద్దదిగా చూపుతుంది. ప్రతిబింబం ఏర్పడే తలంలోనే గీతలు ఉండాలి. సుమారు 1640 ప్రాంతంలో విలియం గాస్కోయిన్ అనే ఇంగ్లీషు ఖగోళ పరిశీలకుడు ఈ కీలకాన్ని గ్రహించాడు. పూర్వం ఆ గీతలకు సాలీడు దారాన్ని వాడేవారు. తరువాత గాజు పలకపై గీసిన గీతలు వచ్చాయి. గీతల కూడలిని, వస్తు కటకపు కేంద్రాన్ని కలిపే రేఖయే 'దృష్టిరేఖ'. రైఫిలుపై ఉన్న దుర్భిణిలో ఈ రేఖ తూటా తాకే చోటును చూపాలి. లెవెల్ యంత్రంలో ఇది సరిగ్గా క్షితిజ సమాంతరంగా ఉండాలి.

ఇప్పుడు ఎక్కువగా వాడుకలో ఉన్నవి ఆటో లెవెల్ యంత్రాలు. వీటిలో చిన్న పట్టకం ఒకటి లోలకం వలె వ్రేలాడుతుంది. యంత్రం కొద్దిగా వాలినా ఆ లోలకం దృష్టిరేఖను తిరిగి సమాంతరంగా నిలుపుతుంది. అయితే ఆ లోలకానికి దిద్దగల వాలుకు పరిమితి ఉన్నది. అందుచేత ఆరంభంలో బుడగను నడిమికి తేవడం ఈ యంత్రానికి కూడా తప్పనిసరి.

యంత్రాన్ని నిలపడం

ముందుగా మూడు కాళ్ల స్టాండును గట్టి నేలపై నిలపాలి. కాళ్ల మొనలను పాదంతో నొక్కి నేలలో దిగేట్లు చేయాలి. వాలు నేలపై అయితే రెండు కాళ్లు పల్లం వైపు, ఒకటి మెరక వైపు ఉంచడం క్షేమం. వాహనాలు తిరిగే వంతెన మీద, కొత్తగా మన్ను పోసిన గట్టు మీద స్టాండు పెట్టరాదు. గంగా డెల్టా వంటి మెత్తని ఒండ్రు నేలలో యంత్రం తన బరువుకే మెల్లగా దిగబడుతుంది గనుక రెండు చూపుల మధ్య కాలయాపన చేయరాదు.

తరువాత స్టాండుపై యంత్రాన్ని బిగించి, అడుగున ఉన్న మూడు మరలతో బుడగను నడిమికి తేవాలి. దుర్భిణిని ఏవైనా రెండు మరలకు సమాంతరంగా త్రిప్పి, ఆ రెండింటినీ ఒకేసారి, ఒకటి కుడికి, ఒకటి ఎడమకు, త్రిప్పాలి. ఎడమచేతి బొటనవేలు కదిలిన దిశలోనే బుడగ కదులుతుంది. ఇది సర్వేయర్లు మొదటి రోజున నేర్చుకునే గుర్తు. అటుపై మూడవ మరతో మిగిలిన దిశను సరిచేయాలి.

మూడవ పని దృష్టిని కుదుర్చుకోవడం. దీనిని చాలామంది నిర్లక్ష్యం చేస్తారు. దుర్భిణిని ఆకాశం వైపు గాని, తెల్లని కాగితం వైపు గాని త్రిప్పి, అక్షి కటకాన్ని గీతలు నల్లగా, స్ఫుటంగా కనిపించే వరకు సవరించుకోవాలి. ఆ తరువాతనే కొలబద్దపై గురి పెట్టి ప్రతిబింబాన్ని సరిచేయాలి. పిమ్మట కంటిని కొద్దిగా పైకి, కిందికి కదల్చి చూడాలి. గీత కొలబద్దపై జారినట్లు కనిపిస్తే ప్రతిబింబం గీతల తలంలో పడలేదని అర్థం. దీనినే 'పారలాక్స్' అంటారు. అది తొలగేవరకు ఎంత జాగ్రత్తగా చదివినా ఆ అంకె చదివేవాని కంటి స్థానాన్ని బట్టి మారుతూనే ఉంటుంది. రైఫిల్ దుర్భిణి వాడేవారికి కూడా ఇదే కష్టం ఎదురవుతుంది. గురి కుదిరినట్లే కనిపిస్తుంది గాని, తల కొద్దిగా పక్కకు జరిగితే గురి తప్పుతుంది.

రెండు మేకుల పరీక్ష

బుడగ నడిమికి వచ్చినంత మాత్రాన దృష్టిరేఖ సమాంతరంగా ఉన్నదని అనుకోరాదు. ప్రయాణంలో కుదుపులకు గీతల పలక కొద్దిగా జరిగి ఉండవచ్చు. దీనిని కనిపెట్టడానికి ఒక సులభమైన పరీక్ష ఉన్నది.

చదునైన నేలపై 60 మీటర్ల దూరంలో రెండు మేకులు దిగగొట్టాలి. యంత్రాన్ని సరిగ్గా మధ్యలో, రెండింటికీ 30 మీటర్ల దూరంలో నిలపాలి. మొదటి మేకుపై నిలిపిన కొలబద్ద 1.500 మీటర్లు, రెండవదానిపై 1.300 మీటర్లు చూపినవనుకుందాము. రెండవ మేకు 0.200 మీటరు ఎత్తున ఉన్నదన్నమాట. యంత్రంలో లోపం ఉన్నా ఈ తేడా నిజమైనదే. దూరాలు సమానం గనుక లోపం రెండు వైపులా సమానంగా పడి, తీసివేతలో పోతుంది.

ఇప్పుడు యంత్రాన్ని మొదటి మేకు పక్కనే నిలపాలి. అక్కడ 1.460 చదివితే, రెండవ మేకుపై 1.260 కనిపించాలి. దానికి బదులు 1.272 కనిపించిందంటే దృష్టిరేఖ 60 మీటర్లలో 12 మిల్లీమీటర్లు పైకి లేచి ఉన్నది. గీతల పలకను పట్టి ఉంచే చిన్న మరలను మెల్లగా త్రిప్పి అడ్డగీతను 1.260 పైకి తేవాలి. పరీక్షను మరొకసారి జరిపి నిర్ధారించుకోవాలి.

రైఫిల్ గురి దుర్భిణిని 'జీరో' చేయడం అనేది ఈ పరీక్షకు తోబుట్టువు. లైసెన్సు పొందినవారు అధికారిక ఫైరింగ్ రేంజిలో, నిర్ణీత దూరం నుంచి ఒకే గురితో కొన్ని తూటాలు కాలుస్తారు. అవి పడిన గుంపు నడిమి చోటు గురి పెట్టిన చోటుకు ఎంత దూరంలో ఉన్నదో చూసి, దుర్భిణిపై ఉన్న మరలతో ఆ తేడాను సవరిస్తారు. కోణంలో ఒక నిమిషం తేడా 100 మీటర్ల దూరంలో సుమారు 2.9 సెంటీమీటర్లు. పావు నిమిషం చొప్పున కదిలే మర ఒక మెట్టుకు సుమారు 7 మిల్లీమీటర్లు జరుపుతుంది. ఒలింపిక్ పోటీలలోని రైఫిల్ విభాగాలలో మాత్రం వస్తువును పెద్దది చేసే దుర్భిణులకు అనుమతి లేదు. 2012 లండన్ ఒలింపిక్స్‌లో హైదరాబాదుకు చెందిన గగన్ నారంగ్ 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో కాంస్యం గెలిచినది చిన్న రంధ్రం గుండా గురి చూసే సాధనంతోనే. సాధనం ఏదైనా, దాని లోపాన్ని ముందుగా కొలిచి సవరించుకోవడమే పద్ధతి.

చదవడం, లెక్క వేయడం

ఎత్తు ముందే తెలిసిన స్థిరమైన గుర్తును బెంచి మార్కు అంటారు. లెక్క అక్కడ ప్రారంభమవుతుంది. ఉదాహరణకు ఒక బెంచి మార్కు ఖిదిర్‌పూర్ గడపకు 6.240 మీటర్ల ఎత్తున ఉన్నదనుకుందాము. దానిపై కొలబద్ద నిలిపి యంత్రంలో చూస్తే 1.365 కనిపించింది. ఇది 'వెనుక చూపు'. రెండూ కలిపితే దృష్టిరేఖ ఎత్తు 7.605 అవుతుంది. తరువాత ముందున్న గట్టి రాతిపై కొలబద్ద నిలిపి చూస్తే 1.820 వచ్చింది. ఇది 'ముందు చూపు'. దీనిని తీసివేస్తే ఆ రాయి ఎత్తు 5.785.

ఇప్పుడు కొలబద్దను కదల్చకుండా యంత్రాన్ని ముందుకు తీసుకుపోవాలి. అదే రాయిపై మరల చూస్తే 0.945, దృష్టిరేఖ కొత్త ఎత్తు 6.730. చివరికి కాలువ అంచుపై 1.410 చదివితే, ఆ అంచు ఎత్తు 5.320 మీటర్లు. సరిచూడడం కూడా సులభమే. వెనుక చూపుల మొత్తం 2.310, ముందు చూపుల మొత్తం 3.230. తేడా 0.920. తొలి, తుది ఎత్తుల తేడా కూడా సరిగ్గా అంతే.

అయితే ఈ సరిచూపు కూడికలలో తప్పును మాత్రమే పట్టుకుంటుంది. చూపులో తప్పును పట్టుకోవాలంటే బయలుదేరిన బెంచి మార్కుకు గాని, ఎత్తు తెలిసిన మరొకదానికి గాని చేరుకుని ముగించాలి. కిలోమీటర్లలో దూరానికి వర్గమూలం తీసి, దానిని 12 మిల్లీమీటర్లతో గుణిస్తే వచ్చేంత తేడా మంచి ఇంజనీరింగు పనులలో అనుమతిస్తారు. 4 కిలోమీటర్లకు 24 మిల్లీమీటర్లు. అంతకు మించితే పని మరల చేయవలసిందే.

కొలబద్ద పట్టుకునేవాని బాధ్యత యంత్రం చూసేవాని బాధ్యతకు తక్కువ కాదు. 3 మీటర్ల వద్ద చదువుతున్నప్పుడు కొలబద్ద 3 డిగ్రీలు వాలితే చదివిన అంకె 4 మిల్లీమీటర్లు పెరుగుతుంది. అందుచేత కొలబద్దను మెల్లగా ముందుకూ వెనుకకూ ఊపి, కనిపించిన అంకెలలో అతి తక్కువదానిని తీసుకుంటారు. మిట్టమధ్యాహ్నం నేలకు దగ్గరగా చూడరాదు. వేడిగాలి పొరలలో దృష్టిరేఖ వంగుతుంది. అంకెలు నీటిలో వలె కదలాడుతాయి.

భూమి గుండ్రంగా ఉండడం కూడా లెక్కలోకి వస్తుంది. గాలి వంచే వెలుగును కలుపుకొని చూస్తే, ఒక కిలోమీటరు దూరంలో తేడా 6.7 సెంటీమీటర్లు, 100 మీటర్లలో ఒక మిల్లీమీటరు కంటే తక్కువ. వెనుక చూపుకూ ముందు చూపుకూ సమాన దూరాలు పాటిస్తే ఈ తేడాతో పాటు, ఇంతకుముందు చెప్పిన దృష్టిరేఖ లోపం కూడా తొలగిపోతుంది.

పొరపాటు ధర

సమాన దూరాల నియమాన్ని పాటించకపోతే ఏమవుతుంది? పైన చెప్పిన లోపం గల యంత్రంతో ఒక బృందం ప్రతిసారీ వెనుకకు 20 మీటర్లు, ముందుకు 80 మీటర్లు చూస్తూ పోయిందనుకుందాము. ఒక్కొక్క మజిలీకి 12 మిల్లీమీటర్ల తప్పు పోగవుతుంది. పది మజిలీలకు 12 సెంటీమీటర్లు. ఒక కిలోమీటరు పొడవున 5000కు 1 చొప్పున వాలు ఉండవలసిన కాలువకు మొత్తం పల్లం 20 సెంటీమీటర్లు మాత్రమే. అందులో సగానికి పైగా కాగితం మీదనే మాయమైపోయింది. నీరు పల్లమెరుగునని మన సామెత. నీటికి పటంలోని అంకెలతో పని లేదు.

కోల్‌కతా ఈ సత్యాన్ని ప్రతి వర్షాకాలంలోనూ గుర్తు చేసుకునే నగరం. అక్కడ నేల దాదాపు బల్లపరుపు. పైగా హుగ్లీ గట్టున మెరక. నది నుంచి దూరంగా, తూర్పున ఉన్న చిత్తడి నేలల వైపు పల్లం. ఈ సంగతి గ్రహించి 1859లో ప్రారంభమైన విలియం క్లార్క్ మురుగుకాలువల పథకం మురుగును పక్కనే ఉన్న నదిలోకి గాక తూర్పుదిశకు పంపింది. పోటు వేళ నది మట్టం పెరిగినప్పుడు నదివైపు తెరిచిన తూము ద్వారా నీరు ఊళ్లోకి ఎదురు ప్రవహించగలదు. తూము అడుగు మట్టం, వీధి మట్టం, పోటు మట్టం, ఈ మూడూ ఒకే సున్నా నుంచి కొలిచినప్పుడే తలుపు ఎప్పుడు మూయాలో చెప్పడం సాధ్యం.

ఇక్కడనే పెద్ద ప్రమాదం పొంచి ఉన్నది. నగరపు పాత పటాలలో ఎత్తులు ఖిదిర్‌పూర్ గడప నుంచి ఉంటాయి. సర్వే ఆఫ్ ఇండియా పటాలలో ఎత్తులు సగటు సముద్రమట్టం నుంచి ఉంటాయి. గడప సగటు సముద్రమట్టానికి బాగా దిగువన ఉన్నందున ఈ రెండు అంకెల మధ్య తేడా సెంటీమీటర్లలో కాదు, మీటర్లలో ఉంటుంది. అంకె పక్కన ఆధార మట్టం పేరు వ్రాయని పటాన్ని నమ్మి పునాది తవ్విస్తే, మిల్లీమీటర్ల కోసం పడిన శ్రమ అంతా వృథా. అనుభవజ్ఞుడైన ఇంజనీరు కొత్త పటం చేతికి రాగానే ముందుగా చూసేది ఒక మూలన ఉండే ఆ చిన్న వ్రాతనే.

తెలుగునాట డెల్టా రైతులకు ఈ విషయం అనుభవమే. ధవళేశ్వరం వద్ద 1847లో ప్రారంభమై 1852లో పూర్తయిన గోదావరి ఆనకట్ట నుంచి సాగిన కాలువలు స్వల్పమైన వాలుతో మైళ్ల కొలది ప్రవహిస్తాయి. కాలువ మట్టం ఒక జానెడు తప్పితే ఎగువ చేలు మునుగుతాయి; శివారు భూములకు నీరు అందదు.

కలకత్తాలో పనిముట్ల శాల

మట్టం చూసే దుర్భిణులకు కలకత్తా ఒకప్పుడు పుట్టిల్లు కూడా. దేశపు మహా త్రికోణమితి సర్వే కోసం ఇంగ్లండు నుంచి హెన్రీ బారో అనే పనిముట్ల నిపుణుని 1830లో రప్పించారు. ఆయన తరువాత ఆ స్థానానికి వచ్చిన సయ్యద్ మీర్ మొహసిన్ హుసేన్ ఆర్కాటు ప్రాంతం వాడు. ఆయనకు విదేశీ విద్య లేదు. గడియారాలు, నగలు బాగుచేసే సున్నితమైన చేతిపనిలో ఆరితేరినవాడు. జార్జ్ ఎవరెస్ట్ ఆయన నైపుణ్యాన్ని గుర్తించి ప్రోత్సహించాడు. 1843లో ఆయన సర్వే విభాగపు గణిత పరికరాల నిర్మాతగా నియమితుడయ్యాడు. దక్షిణాది నుంచి వచ్చిన ఆ చేతులు సరిదిద్దిన యంత్రాలే హిమాలయాల వరకు సాగిన కొలతలకు ఉపకరించాయి. ఆ కొలతలను లెక్క కట్టినవారిలో అగ్రగణ్యుడు కలకత్తాకు చెందిన రాధానాథ్ సిక్దార్.

ఆ గణిత పరికరాల కార్యాలయమే కాలక్రమాన జాదవ్‌పూర్‌లో నేషనల్ ఇన్‌స్ట్రుమెంట్స్ అనే ప్రభుత్వ సంస్థగా 1957లో రూపుదాల్చింది. స్వాతంత్ర్యానంతరం పలు సంవత్సరాల పాటు అక్కడ తయారైన లెవెల్ యంత్రాలు, థియోడొలైట్లు దేశంలోని ఇంజనీర్ల చేతులలో పనిచేశాయి. సంస్థ ఉత్పత్తి ఆగిపోయిన తరువాత ఆ ఆవరణ జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయం అధీనంలోకి వచ్చింది.

తొమ్మిది రేవులు, ఒకే మట్టం

ప్రతి రేవుకూ ఒక గడప ఉంటే, ప్రతి ప్రాంతానికీ ఒక సున్నా ఉంటుంది. రైలుమార్గాలు, నదీ పథకాలు రాష్ట్రాల హద్దులు దాటినప్పుడు ఇది పెద్ద చిక్కు. అందుచేత 1858 నుంచి 1909 వరకు యాభై సంవత్సరాలకు పైగా సర్వే ఆఫ్ ఇండియా దేశమంతటా లెవెల్ రేఖలను నడిపింది. కరాచీ, ముంబయి, కార్వార్, బేపూర్, కొచ్చి, నాగపట్నం, చెన్నై, విశాఖపట్నం, ఒడిశా తీరంలోని ఫాల్స్ పాయింట్ అనే తొమ్మిది చోట్ల ఆటుపోట్లను కొలిచి నిర్ణయించిన సగటు సముద్రమట్టాన్ని ఈ వలకు ఆధారంగా తీసుకున్నారు. తెలుగు తీరంలోని విశాఖపట్నం ఆ తొమ్మిదింటిలో ఒకటి.

ఖిదిర్‌పూర్ ఆ జాబితాలో లేదు. అది అంత పేరున్న రేవు అయినప్పటికీ, ఎందుకు లేదన్నది గమనించదగినది. ఖిదిర్‌పూర్‌లో కూడా సర్వే శాఖ ఆటుపోట్లను నమోదు చేయించింది. కాని అది నదీ రేవు. వర్షాకాలపు వరదనీరు అక్కడ నీటి మట్టాన్ని పైకెత్తుతుంది. నది సగటు మట్టం సముద్రపు సగటు మట్టం కాదు. శాస్త్రం ఖిదిర్‌పూర్‌ను పక్కన పెట్టినది చిన్నచూపుతో కాదు. ఒక్కొక్క కొలత ఏ పనికి తగినదో తెలిసి. దేశానికి సముద్రమట్టం ఆధారమైంది. హుగ్లీ నావికులకు గడప ఆధారంగా నిలిచింది. రెండింటి మధ్య తేడా కొలిచి వ్రాసి ఉంచినంత కాలం రెండూ నిరపాయంగా కలిసి ఉండగలవు.

ఖిదిర్‌పూర్ పొరుగున ఉన్న గార్డెన్‌రీచ్‌లో ఆగ్నేయ రైల్వే ప్రధాన కార్యాలయం ఉన్నది. 2003లో తూర్పు తీర రైల్వే ఏర్పడే వరకు వాల్తేరు డివిజను దాని పరిధిలోనిదే. ఆ రైలుమార్గం వెంట ఉద్యోగాలకు వెళ్లిన తెలుగు కుటుంబాలు ఖరగ్‌పూర్ మొదలైన చోట్ల స్థిరపడ్డాయి. ఆ మార్గంలో ప్రయాణించేవారు ప్రతి స్టేషనులోను పసుపుపచ్చని పలకపై ఊరిపేరు కింద సముద్రమట్టం నుంచి ఎత్తు వ్రాసి ఉండడం చూస్తారు. పేరు ఆ ప్రాంతపు లిపిలో మారుతూ ఉంటుంది. ఎత్తును కొలిచిన సున్నా మాత్రం మారదు. విశాఖపట్నం పలకపై అంకెను ఖరగ్‌పూర్ పలకపై అంకెతో పోల్చవచ్చు. 500 మీటర్లకు పైగా ఎత్తున ఉన్న హైదరాబాదునూ అదే వరుసలో చేర్చవచ్చు. కొలబద్ద పట్టి దేశం పొడవునా నడిచిన అనామకులైన ఖలాసీల శ్రమ ఆ అంకెలలో ఉన్నది.

ఉపగ్రహాల కాలంలో

నేడు ఉపగ్రహాల సంకేతాలతో ఎత్తును క్షణాలలో తెలుసుకోవచ్చు. అటువంటప్పుడు దుర్భిణి అవసరమేమిటని ప్రశ్న రావచ్చు. ఉపగ్రహం నేరుగా ఇచ్చేది, భూమి ఆకారానికి గణితం కల్పించిన నున్నని దీర్ఘగోళం నుంచి ఎత్తు. నీరు మాత్రం గురుత్వాకర్షణను అనుసరించి పారుతుంది. ఈ రెండు మట్టాల మధ్య తేడా భారతదేశంలో పదుల మీటర్లు. శ్రీలంకకు దక్షిణంగా హిందూ మహాసముద్రంలో అది 106 మీటర్ల వరకు ఉన్నది. ఉపగ్రహపు ఎత్తును నీటికి వర్తించే ఎత్తుగా మార్చాలంటే ఆ తేడా తెలియాలి. దానిని సరిచూడడానికి నేలపై లెవెల్ యంత్రంతో కొలిచిన బెంచి మార్కులే కావాలి.

బెంచి మార్కులు కూడా శాశ్వతాలు కావు. డెల్టాలోని మెత్తని నేల మెల్లగా కుంగుతుంది. దానితో పాటు రాయీ కుంగుతుంది. అందుచేత ఒకే గుర్తును నమ్మక, రెండు మూడింటితో సరిచూసుకుని పని ప్రారంభించడం మంచిది. పాత భవనాల గోడలపై, వంతెనల అంచులపై బాణపు గుర్తుతో చెక్కి ఉన్న రాళ్లు తరచు సున్నపు పూతలలో, రోడ్డు వెడల్పు పనులలో మరుగున పడిపోతుంటాయి. అటువంటి రాయి ఒకటి తొలగించినప్పుడు, ఆ చోటు నుంచి సముద్రం వరకు ఎవరో నడిచి తెచ్చిన లెక్క కూడా దానితో పోతుంది. తన ఊరి రైల్వే స్టేషనులోనో, తహసీలు కార్యాలయం వద్దనో, లాకుల గోడపైనో ఆ గుర్తు ఎక్కడ ఉన్నదో పౌరుడు తెలుసుకుని, దానిని కాపాడడానికి పూనుకుంటే, రేపు అక్కడ కాలువ తవ్వేవారికి, వరద మట్టం అంచనా వేసేవారికి ఎంతో మేలు చేసినవాడవుతాడు.